అడుగున పేరుకున్న రంగు

2023 జనవరి 23న ప్రధాని నరేంద్ర మోదీ నేతాజీ జాతీయ స్మారక నమూనాను వీడియో కాన్ఫరెన్స్ ద్వారా ఆవిష్కరించారు. పూర్వపు రాస్ ద్వీపంలో నిర్మించదలచిన స్మారకమది. అదే రోజు అండమాన్‌లోని 21 దీవులకు పరమవీర చక్ర గ్రహీతల పేర్లు పెట్టారు. నమూనాలంటే ప్రభుత్వాలకు మక్కువ ఎక్కువ. వాటిలో పగుళ్లుండవు, అభ్యంతరం చెప్పేవారూ ఉండరు.

2024 సెప్టెంబర్‌లో శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో, ఇంటి బల్ల మీద సెల్యులార్ జైలు నమూనా చేయదలచినవారి కష్టం వేరు. 1:200 కొలతలో 4.5 మీటర్ల గది 22.5 మిల్లీమీటర్లకు కుదించుకుపోతుంది. కోత, అతుకు ఓపికతో సాధ్యమే. చిక్కంతా రంగుతోనే. 1896లో మొదలై 1906లో ముగిసిన ఆ కట్టడానికి బర్మా నుంచి ఇటుక తెచ్చారు. ఆ ముదురు ఎరుపు రావాలంటే ఐరన్ ఆక్సైడ్ రంగు కావాలి. ఆ పొడి నీటికంటే సుమారు ఐదింతలు బరువైనది. కొన్నాళ్లు కదపకుండా ఉంచితే సీసాలో పైన తేట, అడుగున మడ్డి.

పాత సీసా పారేసి కొత్తది కొనవచ్చు కదా అనడం ప్రధాన భూభాగంలో ఉన్నవారికి సులభం. ఎనామిల్ రంగులు మండే స్వభావం గలవి గనుక విమాన ప్రయాణికుల సామానులో వాటికి చోటు లేదు. ఓడ రావాలి, సముద్రం అనుకూలించాలి. కనుక ఉన్నదాన్ని బ్రతికించుకోవడమే మార్గం.

చాలామంది చేసే పని, మూత బిగించి గట్టిగా ఊపడం. పైద్రవం నురగలు కక్కుతుంది. మడ్డి మాత్రం కదలదు. ముందు తేటను వేరే గిన్నెలోకి వంపుకోవాలి. చివర చదునుగా ఉన్న పుల్లతో అడుగును, ముఖ్యంగా అంచు మూలలను గోకి, తేటను కొద్దికొద్దిగా చేరుస్తూ ముద్దను మెత్తగా నూరాలి. పుల్లకు గడ్డలు తగలనప్పుడే మిగిలిన తేటను తిరిగి పోయాలి. ఆ తరువాతే ఊపడం. సీసాలో రెండు గాజు గోళీలు వేస్తే మేలు. మామూలు ఉక్కు గోళీలు నీటి రంగులో తుప్పు పట్టి, కోరని ఎరుపును కలుపుతాయి. ఎనామిల్ మీద మీగడలా కట్టిన పొరను కలపకూడదు, కోసి తీసివేయాలి. నీటి ఆక్రిలిక్ రబ్బరులా గట్టిపడితే ఇక దానిపై ఆశ వదులుకోవలసిందే. బుడగలు అణగేదాకా ఆగి, అట్టముక్కపై ఒక గీత గీసి, ఆరిన తరువాత చూడాలి. తడి రంగును నమ్మరాదు.

ఈ ఓపిక లేకపోతే ఏమవుతుంది? పైతేటతో వేసిన మొదటి వింగు వెలవెలబోతుంది, మడ్డితో వేసిన చివరిది నల్లబడుతుంది. జైలుకు మొదట ఉన్నవి ఏడు వింగులు. నేడు నిలిచినవి మూడు. విధ్వంసమంతా జపాన్ ఆక్రమణ కాలం ఖాతాలో వేయడం సౌకర్యంగా ఉంటుంది గానీ, స్వాతంత్ర్యం వచ్చాక కూడా కూల్చివేత సాగింది. అక్కడ శిక్ష అనుభవించిన మాజీ రాజకీయ ఖైదీలే అడ్డుపడవలసి వచ్చింది. 1963లో ఆ ఆవరణలో గోవింద్ వల్లభ్ పంత్ ఆసుపత్రి వెలసింది. జాతీయ స్మారకంగా ప్రకటన వెలువడేసరికి 1979 ఫిబ్రవరి అయింది. కాకినాడ బాంబు కుట్ర కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి వంటి తెలుగువారు చూసిన జైలు, నేటి పర్యాటకులు చూసే మూడు వింగులది కాదు.

నమూనాలో లేని నాలుగింటినీ కట్టి, లేత బూడిదరంగు వేసి వదిలేసే పద్ధతి ఒకటుంది. శాస్త్రీయంగానే కనిపిస్తుంది, కానీ కూలగొట్టిన గోడలను ఎన్నడూ లేని ఊహగా మార్చేస్తుంది. వాటికీ అదే ఇటుక రంగు దక్కాలి. ఏడింటికీ సరిపడా రంగును ముందుగానే ఒకే పాత్రలో కలుపుకొని, ఒక్కొక్క వింగుకు కుంచె ముంచే ముందు మళ్లీ అడుగంటా కలియబెట్టాలి.