పద్మిని పట్టీలూ, ఐసు దిమ్మలూ

పాత కారుకున్న మెరుపు పట్టీలు మసకబారితే ఎవరైనా చేసే మొదటి పని, పాలిష్ పెట్టి కసిగా రుద్దడం. నేనూ అదే చేశాను. మీరు చెయ్యకండి. (నా మాట మా ఇంట్లోనే ఎవరూ వినరు, మీరు వింటారని కాదు గానీ...)

నాన్నది ప్రీమియర్ పద్మిని. 1964లో ఫియట్ 1100 డిలైట్‌గా మన దేశంలో మొదలై, 1974లో పద్మిని అని పేరు మార్చుకుని, 2001 దాకా తయారైన బండి. బొంబాయిలో టాక్సీగా 2023 అక్టోబరు వరకూ తిరిగింది. మా బండి ఆ టాక్సీల కంటే ఎక్కువే కష్టపడింది లెండి. కైకలూరు దగ్గర ఓ చేపల చెరువులో నాన్నకి వాటా ఉండేది. డిక్కీలో సున్నం బస్తాలు, వెనక సీట్లో మేత బస్తాలు, ముందు సీట్లో ఆయన. ఏలూరు నుంచి కొల్లేరు మీదుగా రోజూ అదే సవారీ. ఇప్పుడు చెరువూ లేదు, వాటా లేదు, వసారాలో కారు మాత్రం ఉంది.

2023 సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు తలుపుల మీద పట్టీలన్నీ తోమేశాను. అద్దంలా వచ్చాయి. ఫోటోలు తీసి ఆఫీసు గ్రూపులో కూడా పెట్టాను. వర్షాకాలం వెళ్ళేసరికి మునుపటికంటే ఘోరంగా, తెల్లగా మచ్చలు మచ్చలుగా ఉన్నాయి.

తాడేపల్లిగూడెంలో కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన బాబాయి ఒకాయన ఉన్నాడు. ఓ పట్టీ ఊడదీసి ఆయన దగ్గరకి పట్టుకెళ్ళాను. భీమడోలు, కైకరం, ఉంగుటూరు దాటుకుంటూ వెళ్ళేంతసేపూ దీన్ని తుప్పనుకుంటున్నాను. బాబాయి గోటితో గీకి, "తుప్పేంట్రా? ఇది అల్యూమినియం. దీనికి చర్మం ఉండేది. సగం మీ నాన్న సున్నం తినేసింది, మిగతా సగం నువ్వు తోమేశావు" అన్నాడు.

సంగతేమిటంటే, అల్యూమినియాన్ని పల్చటి సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ముంచి, దాన్ని ధనధ్రువం చేసి కరెంటు పంపితే పైనున్న లోహమే ఆక్సైడుగా మారి గట్టి పొర అవుతుంది. పైన పూసిన పెయింటు కాదు, లోహంలోంచి పుట్టిన పొర. దీన్నే ఆనోడైజింగ్ అంటారు. 1923లో ఇంగ్లండులో సముద్ర విమానాల భాగాలు ఉప్పునీళ్ళకి తినిపోకుండా క్రోమిక్ ఆమ్లంతో మొదలుపెట్టారు, సల్ఫ్యూరిక్ పద్ధతి ఆ తర్వాత వచ్చింది. ఆ పొర గీతలకీ వానకీ తట్టుకుంటుంది గానీ క్షారానికి తట్టుకోలేదు. చేపల చెరువుల్లో చల్లే సున్నం అచ్చంగా క్షారమే. ఇళ్ళకి సున్నాలేసేటప్పుడు అల్యూమినియం కిటికీల మీద చుక్కలు పడితే మచ్చలు పోకపోవడం చూసే ఉంటారు కదా, అదే ఇది.

పొర ఉందో లేదో తెలుసుకోవడానికి మల్టీమీటర్ చాలు. ఆ ఆక్సైడు విద్యుత్తుని పోనివ్వదు. రెండు మొనలూ మెల్లగా ఆనిస్తే, కూత రాకపోతే పొర ఉన్నట్టు, కుయ్యిమంటే పోయినట్టు. మా పట్టీలు సంక్రాంతి కోడిపుంజుల్లా కూశాయి. బ్యాకప్ లేకుండా ప్రొడక్షన్ డేటాబేస్ మీద డిలీట్ కొట్టి, "ఎంత శుభ్రంగా ఉందో" అని మురిసిపోయినవాణ్ణి నేనన్నమాట.

2024 మే నెలలో రెండు వారాలు సెలవు పెట్టాను. మొదటి పని మిగిలిన పొర తియ్యడం. లీటరు నీటికి 50 గ్రాముల కాస్టిక్ సోడా. (మన కొవ్వూరులోనే తయారవుతుంది, ఆంధ్రా షుగర్స్ వాళ్ళ ఫ్యాక్టరీలో.) కళ్ళద్దాలు, రబ్బరు తొడుగులు, ఆరుబయట, ప్లాస్టిక్ తొట్టి. దగ్గర్లో నిప్పు ఉండకూడదు, వచ్చేది హైడ్రోజన్. కాసేపు ఏమీ జరగదు, తర్వాత ఒక్కసారిగా బుడగలు పొంగుతాయి. పొర కరిగి సోడా అసలు లోహాన్ని అందుకుందని అర్థం. అప్పుడే తియ్యాలి. ఒక పట్టీ ముంచి ఫోనెత్తాను, అంతే, గరుకు కాగితంలా తయారైంది. కడిగాక 400 నుంచి 2000 నంబరు దాకా వరసగా గరుకు కాగితం, ఆపైన పాలిష్, ఆపైన సబ్బునీళ్ళు. ఆ తర్వాత ఒట్టి చేత్తో ముట్టుకోకూడదు.

ఆమ్లం బ్యాటరీలవాళ్ళ దగ్గర దొరికేదే, సమానంగా డిస్టిల్డ్ వాటర్‌తో పలచన చేశాను. నీళ్ళలోకి ఆమ్లం పొయ్యాలి, ఆమ్లంలోకి నీళ్ళు ఎప్పుడూ పొయ్యకూడదు. పట్టీ మూడడుగులు, అంత పొడుగు తొట్టి ఎక్కడ తెస్తాం? చెరువులకి వాడే నాలుగంగుళాల పీవీసీ గొట్టానికి కింద మూత అంటించి నిలబెట్టాను. రుణధ్రువానికి అల్యూమినియం రేకు. కరెంటుకి పాత కంప్యూటర్ పవర్ సప్లై, 12 వోల్టులది.

టెస్టింగ్‌కని ముందొక పనికిరాని ముక్క వేశాను. ఆంపియర్లు బ్రహ్మాండంగా పారాయి, గంటయినా ముక్క మీద పొర లేదు, నీళ్ళు మాత్రం నీలంగా మారాయి. నేను కట్టింది రాగి తీగ! కరెంటంతా దాన్ని కరిగించడానికే పోయింది. ఆమ్లంలో మునిగే తీగ కూడా అల్యూమినియమే అయ్యుండాలి. ఆ ఆమ్లానికి విరుగుడుగా వంటసోడా వేసుకుంటూ ఒక మధ్యాహ్నం గడిచింది.

అసలు చిక్కు వేడి. ఆమ్లం 20 డిగ్రీల దగ్గర ఉండాలి. అంతకంటే బాగా వేడెక్కితే ఒకపక్క పొర పెరుగుతుంటే ఇంకోపక్క ఆమ్లమే దాన్ని కరిగించేస్తుంది, చివరికి చేతికి సుద్దలా అంటుకునే పొడి మిగులుతుంది. మే నెల, ఏలూరు, ఎండ 42. కరెంటు వల్ల వచ్చే వేడి అదనం. కానీ ఎక్కడున్నానో గుర్తొచ్చింది. చేపల్ని ఐసులో పెట్టి హౌరా దాకా లారీల్లో పంపే ఊళ్ళు మనవి, ఐసుకి కొదవా? ఫ్యాక్టరీ నుంచి రెండు దిమ్మలు తెచ్చి, కొట్టి డ్రమ్ములో పోసి, మధ్యలో గొట్టం నిలబెట్టాను. ఆటోవాడు "చేపలేవండి?" అని అడిగాడు. కారుకి అని చెబితే ఇంకేం మాట్లాడలేదు.

ఒక్కో పట్టీకి మూడు ఆంపియర్లు, 40 నిమిషాలు. పది పన్నెండు మైక్రాన్ల పొర వస్తుంది, వెంట్రుక మందంలో ఆరోవంతు. అప్పటికి అది సూక్ష్మమైన రంధ్రాలతో ఉంటుంది. మరుగుతున్న డిస్టిల్డ్ వాటర్‌లో అరగంట ఉంచితే పొర నీటిని పీల్చుకుని ఉబ్బి రంధ్రాలు మూసుకుంటాయి. అందుకు స్టీలు రేకుతో పొడుగు తొట్టి చేయించి ఇటుకల పొయ్యి మీద పెట్టాం. అమ్మ దూరం నుంచి చూసి, "పులుసా?" అంది.

అద్దంలా రాలేదు, కొంచెం మబ్బుగా ఉన్నాయి. ఫ్యాక్టరీల్లో ముందు వేడి ఫాస్ఫారిక్, నైట్రిక్ ఆమ్లాల్లో ముంచి మెరుపు తెప్పిస్తారు, అది ఇంట్లో చేసే పని కాదు. కానీ మల్టీమీటర్ మాత్రం నోరెత్తలేదు.

చివరి పట్టీ డ్రైవరు కిటికీ కింది భాగానిది. నేను తోమకముందే దాని మీద జానెడు మేర పొర పూర్తిగా అరిగిపోయి ఉంది, ఆ జానెడులోనే చిన్న చిన్న సొట్టలు. సున్నం దుమ్ముతో పాతికేళ్ళు నాన్న మోచెయ్యి ఆనిన చోటు అది. సొట్టలు ఆయన ఉంగరానివి. రైలు గేటు పడినప్పుడల్లా టక్కు టక్కుమని కొడతారు. పొర గట్టిదే గానీ కింద లోహం మెత్తన కదా. అవేమిటో నాకు తెలుసు. తెలిసీ నునుపు చేసేశాను. వరసలో ఒక్కటే సొట్టలతో ఉంటే బావుండదనిపించింది, అంతే.

బిగించాక నాన్న వచ్చి కూర్చున్నారు. మోచెయ్యి పెట్టారు, తీశారు, మళ్ళీ పెట్టారు.

"జారుతోందిరా."

"కొత్తది కదా నాన్నా."

"ఇక్కడ గుంటలుండాలే?"

"తీసేశాను."

ఆయనేం అనలేదు. ఊరి బయట దాకా వెళ్ళాం, గేటు పడింది. గూడ్సు బండి. అయిదు నిమిషాలయ్యాక ఉంగరం చెయ్యి పైకి లేచింది. కొత్త పొర మీద సొట్ట పడుతుంది నాన్నా అనబోయి ఊరుకున్నాను. ఆయన నా వైపోసారి చూసి, చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. గూడ్సు చాలా పొడుగ్గా ఉంది.