వేయని తెలుపు

మా నాన్నగారు రాజమండ్రిలో డ్రాయింగు మాస్టారుగా పనిచేశారు. మంచు కురవడం ఆయన ఎన్నడూ చూడలేదు. అయినా బడి వార్షికోత్సవాల తెరల మీద క్యాలెండర్లు చూసి ఎన్నో హిమాలయాలు వేశారు, డబ్బాలకొద్దీ తెల్లరంగుతో.

నీటిరంగుల దగ్గరికి వచ్చేసరికి ఆయన నియమం వేరు. నా రంగులపెట్టెలోని తెల్లబిళ్ళను మొదటిరోజే తీసి అవతల పెట్టేశారు. "కాగితమే తెలుపు. దాన్ని కాపాడుకోవడమే నీ పని" అన్నారు. దామెర్ల రామారావు (1897-1925) చిత్రశాలకు తీసుకువెళ్ళి, ఒక్కొక్క బొమ్మ ముందు నన్ను చాలాసేపు నిలబెట్టేవారు. నాకు కాళ్ళు లాగేవి.

రెండేళ్ళుగా ఆయనకు చూపు తగ్గుతోంది. రెటీనా నడిమి భాగం దెబ్బతిన్నది. ఎదురుగా ఉన్న మనిషి ముఖం మసకబారుతుంది గాని, పక్కలనున్నవి కొంత కనబడతాయి. పోయిన చూపు తిరిగిరాదని డాక్టర్లు చెప్పారు. ఒకనాడు ఫోనులో "అబ్బాయ్, మీ ఊరి మంచు ఒకటి వేసి పంపరా. కనబడుతుండగానే చూస్తాను" అన్నారు.

నేను మిషిగన్‌లోని ఆన్ ఆర్బర్‌కు వచ్చి ఇరవై చలికాలాలు గడిచాయి. ఈ ఇరవయ్యేళ్ళలో మంచును పారతో ఎత్తిపోశానే తప్ప కుంచె పట్టింది లేదు.

జనవరిలో ఒక ఆదివారం హ్యూరాన్ నది ఒడ్డున కూర్చున్నాను. మైనస్ 8 డిగ్రీల చలి. ఆకాశానికి పూసిన నీలం ఆరకముందే గడ్డకట్టి, కాగితం మీద ఈకల్లాంటి గీతలు తేలాయి. అవి చూసి మురిసిపోతూ కారెక్కితే, ఆ వెచ్చదనానికి కరిగి అంతా కిందికి కారిపోయింది. రెండోసారి నీళ్ళలో కాస్త వోడ్కా కలిపాను, తొందరగా గడ్డకట్టకుండా. ఈ సంగతి నాన్నగారికి చెప్పలేదు.

రెండో బొమ్మ చెడగొట్టింది చలి కాదు, నేనే. నీలాకాశం కింద మంచు మీద పడే నీడ నీలంగా ఉంటుంది. ఎండ తగలని చోట మంచుకు వెలుగిచ్చేది ఆకాశమే కదా! ఆ నీలం కళ్ళారా చూసిన సంబరంలో నేలంతా నీడలు పరిచేశాను. వెలుగుకు చోటు మిగల్లేదు. దిద్దుకుందామని తెల్లరంగు కొని పూస్తే, గోడకు సున్నం కొట్టినట్లయింది. మూడోది తడిగుడ్డతో రుద్ది రుద్ది కాగితాన్నే చింపాను.

నాలుగోసారి ఇంట్లో కిటికీ దగ్గర కూర్చుని, ఏ చోట్లు ముట్టుకోకూడదో ముందుగా పెన్సిలుతో గుర్తు పెట్టుకున్నాను. ఆకాశం తడిగా ఉండగానే దూరపు చెట్లను తాకించాను. అవి వాటంతటవే మసకగా పాకాయి. అల్ట్రామెరీన్‌లో బర్న్ట్ సియెన్నా కలిపితే వచ్చే బూడిదరంగుతో నది వేశాను. ఎండిన ఆకులను చలికాలమంతా వదలకుండా పట్టుకునే ఓక్ చెట్లు కొన్ని ఉంటాయి. వాటికి ఒట్టి సియెన్నా సరిపోయింది. మిగిలిందంతా ఖాళీ. ఆ ఖాళీని చూస్తే చెయ్యి ఊరుకోదు. కుడివైపు మూలలో ఇంకొక్క నీడ వేసి, బలవంతాన లేచాను.

బొమ్మ అందిన రోజు అక్క వీడియో కాల్ చేసింది. నాన్నగారు కాగితాన్ని ముఖానికి దగ్గరగా పట్టుకుని, తల మాత్రం గోడవైపు తిప్పారు. బొమ్మను చూడాలంటే ఇప్పుడాయన పక్కకు చూడాలి. నాకు గొంతు పట్టేసింది. చాలాసేపటికి ఖాళీగా వదిలిన చోట వేలితో నిమిరారు.

"ఇక్కడేం వేయలేదేం?"

"అదే మంచు, నాన్నగారూ."

"ఊఁ" అన్నారు. కాగితాన్ని ఇంకొంచెం జరిపి, తల ఇంకొంచెం తిప్పి మళ్ళీ చూశారు. వేలు నెమ్మదిగా కుడివైపు మూలకు పోయి ఆగింది.

"ఈ నీడ అక్కర్లేదురా. ఇంకొకటి వెయ్యి."

అయిదో కాగితం బల్లకు అంటించి ఉంచాను. ఈ రాత్రికి మంచు పడుతుందంటున్నారు.