మాండెల్లో బండి

నిలబడి ఉన్న బండిని న్యూట్రల్‌లో పెట్టి ఒక్కసారి రేజ్ చేస్తే అది కుడివైపుకు ఒరుగుతుంది. మొదటిసారి చూసినవాళ్లు పడిపోతుందేమోనని చెయ్యి అడ్డం పెడతారు. పడదు. చాలా మోటార్ సైకిళ్లలో క్రాంక్ షాఫ్టు అడ్డంగా ఉంటుంది. మోటో గుజ్జి లె మాన్స్‌లో అది బండి పొడవునా ఉంటుంది. అంత బరువున్న షాఫ్టు, దాని వెనక ఫ్లైవీలు ఒక్కసారిగా వేగం అందుకుంటే ఆ విసురుకు బండి పక్కకు ఊగుతుంది. రోడ్డు మీద పరుగులో ఇది తెలియదు. ఎర్ర లైటు దగ్గర ఆగినప్పుడు మాత్రం తొడల మధ్య స్పష్టంగా తెలుస్తుంది. నాకు ఆ కదలిక ఇష్టం. ఇంజను ఎటు తిరుగుతోందో ఒళ్లంతటికీ చెప్పే బండి ఇంకొకటి నేను నడపలేదు.

నేనుండేది మిలాన్‌లో. బండి పుట్టిన మాండెల్లో దెల్ లారియో ఇక్కడికి ఉత్తరాన, కోమో సరస్సు తూర్పు పాయ ఒడ్డున, గ్రిన్యా కొండల కింద ఉంది. కార్లో గుజ్జి, జార్జో పరోడి 1921లో తమ కంపెనీ ఫ్యాక్టరీ పెట్టింది అక్కడే. మొదటి ప్రపంచయుద్ధంలో ఇటలీ నౌకాదళ విమాన విభాగంలో కలిసిన స్నేహితులు వాళ్లు. మూడో స్నేహితుడు జొవాన్ని రవెల్లి పైలట్. యుద్ధం ముగిశాక, 1919లో, విమాన ప్రమాదంలో పోయాడు. కంపెనీ గుర్తుగా రెక్కలు చాచిన గద్దను పెట్టుకున్నది ఆయన జ్ఞాపకంగానే. ట్యాంకు తుడిచే ప్రతిసారీ గుడ్డ దాని మీదుగానే వెళుతుంది.

లె మాన్స్ 1976లో అమ్మకానికి వచ్చింది. 844 సీసీ, రెండు సిలిండర్లు, వాటి మధ్య తొంభై డిగ్రీల కోణం, ఐదు గేర్లు, చెయిన్‌కు బదులు షాఫ్టు. సిలిండర్లు రెండూ ట్యాంకు కింద నుంచి చెరో పక్కకు పొడుచుకొచ్చి గాలికి ఎదురుగా ఉంటాయి. దీన్ని చాలామంది అందం కోసం మెచ్చుకుంటారు. నేను మెచ్చుకునేది ఇంకొకందుకు. రాకర్ కవర్ తీయడానికి ట్యాంకు విప్పక్కర్లేదు, సీటు విప్పక్కర్లేదు. నేలమీద పీట వేసుకుని కూర్చుంటే సిలిండర్ హెడ్ మోకాలి ఎత్తులో, చేతికి అందేంత దూరంలో ఉంటుంది. బండి గీసినవాడు దాన్ని బాగుచేసుకునేవాడి నడుము గురించి కూడా ఆలోచించాడు.

ఇక్కడ చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, బండి బయటికి తీయడం దానికి మంచిది కాదు. కాబట్టి పనంతా అప్పుడే. అందులో నాకు అన్నిటికన్నా ప్రీతి టాపెట్లు సరిచేయడం. ఇంజను పూర్తిగా చల్లారి ఉండాలి, అంటే సాయంత్రం నడిపిన బండిని మర్నాడు పొద్దున ముట్టుకోవాలి. ప్లగ్గులు రెండూ తీసేసి, టాప్ గేర్లో ఉంచి, వెనక చక్రాన్ని చేత్తో తిప్పితే ఇంజను మెల్లగా తిరుగుతుంది. గేర్‌బాక్స్ ముందు గూడుకు కుడిపక్కన చిన్న రబ్బరు బిరడా ఉంది. అది లాగి టార్చి వేస్తే ఫ్లైవీల్ అంచు, దానిమీద గీతలు, గీతల పక్కన చెక్కిన అక్షరాలు కనిపిస్తాయి: కుడి సిలిండరుకు డి, ఎడమదానికి ఎస్. కావలసిన గీత కన్నం మధ్యకు వచ్చి, ఆ పక్క వాల్వులు రెండూ మూసుకుని ఉంటే పిస్టన్ పైకి చేరినట్టు. అప్పుడు రాకర్‌కీ వాల్వు కాడకీ మధ్య 0.22 మిల్లీమీటర్ల ఫీలర్ గేజ్ దూర్చాలి. బ్లేడు బిగుసుకోకూడదు, ఊరికే జారిపోనూ కూడదు. లాగుతుంటే సన్నని పట్టు వేలికి తెలియాలి. తిప్పలన్నీ లాక్ నట్‌తోనే. సందు సరిగ్గా కుదిరిందని నట్ బిగిస్తే, దాంతోపాటు స్క్రూ వెంట్రుకవాసి కదిలి సందు మారిపోతుంది. అందుకని ఒక చేత్తో స్క్రూ పట్టుకుని, రెండో చేత్తో పానా తిప్పి, మళ్లీ బ్లేడు పెట్టి చూడాలి. కుదిరేదాకా అంతే. నాలుగు వాల్వులకూ కలిపి ఒక పూట పని. నేను తొందరపడను.

మనవైపు పాత క్యాస్ట్ ఐరన్ బుల్లెట్ మీద చెయ్యి తిరిగినవాళ్లకు గేజ్ కూడా అక్కర్లేదు. పుష్ రాడ్‌ని వేళ్లతో పట్టుకుని చూస్తారు: పైకీ కిందికీ ఆట ఉండకూడదు, గుండ్రంగా మాత్రం సులువుగా తిరగాలి. లె మాన్స్ కూడా పుష్ రాడ్ల ఇంజనే. ఆ రోజుల్లో రేసు బండ్ల లెక్కన చూస్తే ఇది పాతబడ్డ పద్ధతి. బొలోన్యాలో ఫాబియో తాలియోని డుకాటీకి కట్టిన డెస్మో ఇంజను ఇంతకంటే చాలా తెలివైనది. అందులో వాల్వు తెరవడానికి ఒక రాకర్, మూయడానికి మరో రాకర్. 1972లో ఇమోలా 200 మైళ్ల పందెంలో పాల్ స్మార్ట్, బ్రూనో స్పజ్జారి ఒకటీ రెండూ స్థానాల్లో వచ్చింది ఆ ఇంజన్ల మీదే. దాని ముందు చేతులు జోడిస్తాను. అయితే మూసే వైపు సందు మారిస్తే సరైన మందం ఉన్న షిమ్ము వెతకాలి, లేదా ఉన్నదాన్ని అరగదీయాలి, కొలవాలి, మళ్లీ విప్పాలి. నాలాంటి ఉద్యోగస్థుడు ఒక్కడే కూర్చుని చూసుకోగలిగింది మాండెల్లో ఇంజనే.

కార్బురేటర్లు డెలోర్టో, 36 మిల్లీమీటర్లవి. ఎయిర్ ఫిల్టర్ లేదు, బయటికి తెరుచుకున్న గరాటాలు మాత్రమే. స్ప్రింగులు గట్టివి, ఊళ్లో నడిపితే కుడి మణికట్టు నొప్పెడుతుంది. వీటికి యాక్సిలరేటర్ పంపు ఉంటుంది. ఇంజను ఆపి, గరాటాలో టార్చి వేసి, పిడి కొంచెం తిప్పితే పెట్రోలు సన్నని పిచికారీలా చిమ్ముతుంది. రెండు పక్కలా అది ఒకేసారి చిమ్మాలి. వాక్యూమ్ గేజ్‌లు తగిలించే ముందు నేను ఇది చూసుకుంటాను. గేజ్ ఇంజను నడుస్తున్నప్పటి లెక్క చెబుతుంది. పిడి కదలడం మొదలైన క్షణంలో ఏ పక్క వెనకబడిందో ఈ చిమ్ముడే చెబుతుంది.

బ్రేకుల దగ్గర మాత్రం నా అభిప్రాయం చాలామంది లె మాన్స్ యజమానులతో కలవదు. కాలిబ్రేకు తొక్కితే వెనక డిస్కుతోపాటు ముందు ఎడమ డిస్కు కూడా పడుతుంది. చేతి బ్రేకుకు ముందు కుడి డిస్కు ఒక్కటే. దీన్ని విడదీసి మామూలు పద్ధతిలోకి మార్చేవాళ్లు ఎందరో. నేను మార్చను. లెక్కో నుంచి వల్సస్సీనా లోయలోకి ఎక్కి, అటు బెల్లానో దాకా దిగేటప్పుడు, తడి మలుపు ముందు ఆ పెడల్ తొక్కితే బండి ముక్కు వంచకుండా మొత్తంగా కిందికి కూర్చుంటుంది. డిస్కులు పోత ఇనుమువి. వానలో తడిపి వదిలితే తెల్లారేసరికి తుప్పు రంగు తేలుతాయి, రెండుసార్లు బ్రేకు తొక్కగానే శుభ్రమైపోతాయి. దాన్ని చూసి స్టీలు డిస్కులు వేయించక్కర్లేదు.

ఒక్క విషయంలో మాత్రం పాతదాన్ని అంటిపెట్టుకోకూడదు. అప్పటి సిలిండర్ల లోపలి గోడకు గట్టి క్రోమ్ పూత. ఏళ్లు గడిచేకొద్దీ ఆ పూత పొరలుగా లేస్తుంది. ఆ రజను ఆయిల్లో కలిసి బేరింగుల్లోకి పోతే క్రాంక్ షాఫ్టుకే ఎసరు. అందుకని తెలిసినవాళ్లు వాటిని తీసేసి నికాసిల్ పూత సిలిండర్లు వేస్తారు. వాటిని చేసే గిలార్దోని కూడా మాండెల్లోదే. బండి కొనాలని ఎవరైనా అడిగితే నేను మొదట అడగమనేది సిలిండర్ల సంగతే. రంగు కొత్తగా మెరుస్తోందా లేదా అన్నది ఆ తర్వాత. షోరూమ్‌లో కూడా లేనంత మెరుపు పట్టించి, హాల్లో దీపాల కింద నిలబెట్టే పద్ధతి నాకు నచ్చదు. దీన్ని కట్టింది పరుగెత్తడానికి.

ఆయిల్ ఫిల్టర్ సంప్ లోపల ఉంటుంది. ఫిల్టర్ మార్చాలంటే సంప్ దించాల్సిందే. ఇది విసుగు పుట్టించే అమరికే, అయినా దించిన ప్రతిసారీ అడుగున ఏం పేరుకుందో కళ్లారా చూడగలుగుతున్నాను. బూడిదరంగు ముద్దయితే పరవాలేదు. తళుకులు కనిపిస్తే మాత్రం బండి అక్కడే ఆగాలి.

ఇంజను మూలం జూలియో చెజారె కర్కానోది. దాన్ని స్పోర్ట్ బండిగా చేసినవాడు లినో టోంటి. ఆయన చేతికి వచ్చేసరికి ఇంజను పైన, రెండు సిలిండర్ల మధ్య, డైనమో కూర్చుని ఉండేది. దాన్ని తీసేసి, క్రాంక్ ముందు కొనకు ఆల్టర్నేటర్ పెట్టాడు. ఆ ఖాళీలోంచి ఫ్రేము గొట్టాలను తిన్నగా, కిందుగా దించాడు. 1971లో వచ్చిన వీ7 స్పోర్ట్ ఫ్రేము అదే, లె మాన్స్‌దీ అదే. అంతటితో ఆగకుండా, ఫ్రేము కింది గొట్టాలు రెంటినీ బోల్టులు విప్పితే ఊడొచ్చేలా చేశాడు. అవి తీసేస్తే ఇంజనూ గేర్‌బాక్సూ నేల మీదే ఉంటాయి, పై ఫ్రేము మొత్తాన్ని ఎత్తి పక్కన పెట్టొచ్చు. మలుపుల్లో దీని నిలకడను అందరూ పొగుడుతారు. నాకు టోంటి మీద గౌరవం ఆ బోల్టుల వల్ల.

ఈ చలికాలం నాకు వాటితోనే పని. ఇందులో క్లచ్ కారుకున్నట్టు పొడి క్లచ్, ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య ఉంటుంది. ప్లేట్లు జారే పళ్లు అరిగి, గేరు మార్చినప్పుడు పట్టేస్తోంది. ప్లేట్ల సెట్టు, గేర్‌బాక్సు సీలు తెచ్చి ఉంచాను. కింది బోల్టులకు ఇప్పటినుంచే తుప్పు వదిలే నూనె వేస్తున్నాను. ఫ్రేము ఎత్తడానికి రెండో మనిషి కావాలి. పక్క గరాజు ఆయన వస్తానన్నాడు. ఆయనది బ్రెగాంజెలో తయారైన మూడు సిలిండర్ల లావెర్దా. జనవరిలో దాని షిమ్ములు కొలిచేటప్పుడు నేను వెళ్లాలి.