దుకాణంలోనే ఖతమయ్యే హిఫాజత్

ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్ విండోస్ కన్నా భద్రమైనదని 2010లో డెల్ కంపెనీ తన ఇష్తెహార్‌లో చెప్పుకుంది. విండోస్ కంప్యూటర్లు అమ్మి బతికే కంపెనీ నోట ఈ మాట రావడం తమాషానే. అంతకు మూడేళ్ల ముందు, 2007లో, కస్టమర్లు పదే పదే అడిగితే ఉబుంటు వేసిన మెషీన్లు అమ్మడం మొదలుపెట్టింది. వైరస్‌లు రాసే దొంగల్లో ఎక్కువమంది లినక్స్ మీద గురిపెట్టరు కాబట్టి ఇది మేలు అన్నది దాని దలీల్. కొద్ది రోజులకే ఆ మాటలో పదును తగ్గించింది. ఎందుకని మీరే అందాజా వేసుకోండి, దాని రోజీ రోటీ ఎక్కువగా విండోస్ మీదే కదా.

ఉబుంటు లినక్స్ ఖాందాన్‌లోది. ఖుల్లా కితాబ్ లాంటిది. లోపలి రాత ఎవరైనా చదవొచ్చు, తప్పుంటే దిద్దొచ్చు, ముఫ్త్‌గా పంచుకోవచ్చు. కొత్త ప్రోగ్రాం లోపలికి రావాలంటే పాస్‌వర్డ్ అడుగుతుంది. కావలసిన సాఫ్ట్‌వేర్‌లో చాలావరకు దాని సొంత ఖజానా నుంచే వస్తుంది, ఏ గల్లీలోనో దొరికిన సీడీ నుంచి కాదు. ఇంతవరకు కంపెనీ దావా సచ్చే అనుకుందాం. నా ఫికర్ వేరే. ఆ హిఫాజత్ మన ఇళ్లదాకా వస్తోందా అని.

మా ఆపా కూతురు హైదరాబాద్‌లో డిగ్రీలో చేరినప్పుడు లాప్‌టాప్ కొనడానికి సికింద్రాబాద్‌లో ఒక దుకాణానికి వెళ్లాం. మా బడ్జెట్‌కు సరిపోయింది ఒక్కటే, ఉబుంటు వేసి వచ్చింది. విండోస్ ఉన్నది ఇంకొన్ని వేలు ఎక్కువ.

"ఫికర్ వద్దు సార్. దీన్ని తీసేసి పది నిమిషాల్లో విండోస్ ఎక్కించి ఇస్తా. ఆఫీస్, ఫోటోషాప్ అన్నీ ఫ్రీ" అన్నాడు దుకాణంలో కుర్రాడు.

"లైసెన్స్?"

"ఎవరడుగుతారు సార్?"

మా పిల్ల మధ్యలో దూరి, "వద్దు భయ్యా, ఉన్నది ఉండనీ" అంది. వాడు మా ఇద్దరినీ బీమారోళ్లను చూసినట్టు చూశాడు.

ఆ పది నిమిషాల్లో జరిగేదేమిటో చూడండి. దొంగ విండోస్‌ను చాలాసార్లు క్రాక్ అనే చిన్న ప్రోగ్రాంతో నడిపిస్తారు. అది నడవాలంటే ముందు యాంటీవైరస్ ఆపాలి. ఆ క్రాక్ రాసిందెవరో, అందులో ఇంకేం పెట్టాడో ఎవరికీ తెలియదు. చోరీ బయటపడకుండా అప్‌డేట్లు కూడా ఆపేస్తారు. అంటే కంపెనీ వేసి పంపిన తాళం ఊడదీసి, తలుపు తెరిచి, పైగా మనకు మెహర్బానీ చేసినట్టు నవ్వుతారు. విండోస్ వాళ్లకు పైసలు పోతున్నాయన్నది నా దర్ద్ కాదు.

నా దర్ద్ ఏమిటంటే, మా దూల్హా భాయ్‌కి కర్నూలు పాతబస్తీలో చిన్న నెట్ సెంటర్ ఉంది. జిరాక్స్, స్కానింగ్, స్కాలర్‌షిప్ ఫారాలు, పాస్‌పోర్టు, హజ్ దరఖాస్తులు, షాదీ రుఖాలు. సాయంత్రానికి ఆయన కంప్యూటర్‌లో మొహల్లా మొహల్లా అంతా ఉంటుంది. ఒకరి ఆధార్, ఒకరి బ్యాంకు పాస్‌బుక్, ఏదో బేవా పెన్షన్ కాగితం, ఎవరిదో నికానామా, ఎవరిదో ఖులా కాగితం. ఆ ఖులా కాగితం దూల్హా భాయ్ కన్ను తప్ప ఇంకో కన్ను చూడలేదనుకుని ఆ అమ్మాయి ఇంటికి పోతుంది. ఇవన్నీ అమానత్. అది దాచిన పెట్టె మాత్రం క్రాక్ కొట్టిన విండోస్.

బక్రీద్ సెలవులకు మేమంతా కర్నూలులో ఉన్నప్పుడు ఒక టీచరమ్మ పెన్‌డ్రైవ్ పట్టుకొచ్చింది. ప్రశ్నపత్రాలు ప్రింటు తీయాలి. పెట్టగానే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లు. నెట్ సెంటర్ల వాళ్లకు పాత దుష్మన్ ఇది. "ఫార్మాట్ కొట్టాల్సిందే మేడమ్" అన్నాడు దూల్హా భాయ్. ఆమె మొహం పాలిపోయింది. మా పిల్ల, "అబ్బా, ఒక్క నిమిషం" అని ఆ పెన్‌డ్రైవ్‌ను తన ఉబుంటు లాప్‌టాప్‌లో పెట్టింది. ఫైళ్లన్నీ అక్కడే ఉన్నాయి. ఆ వైరస్ అసలు ఫోల్డర్లను దాచిపెట్టి, వాటి వేషంలో తను కూర్చుంటుంది, అంతే. ఆ దాచుడు విండోస్ మాటే వింటుంది, ఉబుంటు పట్టించుకోదు. అరగంటలో పేపర్లు ప్రింటయ్యాయి.

ఇది చూసి లినక్స్‌ను కిలా అనుకోవద్దు. ఆ వైరస్ దాని కోసం రాసింది కాదు, అందుకే అక్కడ చచ్చిపోయింది. 2024లో లినక్స్ సిస్టమ్‌లు వాడే ఎక్స్‌జెడ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌లో ఒకడు చోర్ దర్వాజా పెట్టాడు. రెండేళ్లకు పైగా మంచివాడిలా పనిచేసి, భరోసా సంపాదించి మరీ పెట్టాడు. పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని షక్ వచ్చి తవ్వాడు. ఆయన పనిచేసేది మైక్రోసాఫ్ట్‌లో! కితాబ్ ఖుల్లాగా ఉంది కాబట్టి తవ్వగలిగాడు. చదివేవాడు లేకపోతే ఖుల్లా కితాబ్ అయినా బంద్ కితాబే.

కంపెనీల కస్మేలు కూడా కాస్త ఆగి వినాలి. లెనోవో 2014లో అమ్మిన కొన్ని విండోస్ లాప్‌టాప్‌లలో సూపర్‌ఫిష్ అనే యాడ్‌ల ప్రోగ్రాం తనే పెట్టి పంపింది. బ్యాంకు సైట్ల తాళాలకు కూడా అది నకిలీ చెవి. 2015లో గుట్టు రట్టయింది. అదే కంపెనీ 2020లో తన థింక్‌ప్యాడ్ వర్క్‌స్టేషన్లు లినక్స్‌కు సర్టిఫై అవుతాయని ప్రకటించింది.

విండోస్ వాళ్లు ఊరికే కూర్చుంటారని కాదు. 2017 మేలో వన్నాక్రై వచ్చి ఫైళ్లకు తాళం వేసి డాలర్లు అడిగింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి. దాని దవా మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. అప్‌డేట్లు ఆపుకున్న మెషీన్‌కు దవా చేరేదెట్లా?

"మరి ఉబుంటుకే పోవచ్చు కదా దూల్హా భాయ్" అంటే ఆయన గోడకు వేలాడుతున్న షాదీ రుఖాలు చూపించాడు. ఉర్దూ వైపు ఇన్‌పేజ్‌లో, తెలుగు వైపు అను ఫాంట్లలో. రెండూ విండోస్ మీదే పుట్టాయి. ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసిన నాకు ఆ రుఖా చూస్తే నవ్వూ ఏడుపూ వచ్చాయి. నా రెండు జబాన్‌లూ ఒకే పంజరంలో. ఆ పంజరానికీ చిల్లు ఉంది. మామూలు ఇన్‌పేజ్ ఫైల్‌లా కనిపించే దస్తావేజుల్లో జహర్ పెట్టి ఆసియాలో బ్యాంకుల మీదికి వదిలారని 2016లో కాస్పర్‌స్కీ కంపెనీ బయటపెట్టింది. ఉర్దూ ఫైలే కదా, ఎవరు షక్ పడతారు! ఇప్పుడు యూనికోడ్‌లో నస్తాలీఖ్ ఫాంట్లున్నాయి, తెలుగు ఫాంట్లకూ కొదవలేదు, ఉబుంటులో రెండూ చక్కగా వస్తాయి. కానీ ఇరవై ఏళ్ల పాత రుఖాల నమూనాలన్నీ ఇన్‌పేజ్‌లోనే ఉన్నాయి, గిరాకీ అవే అడుగుతుంది.

2025 అక్టోబర్ 14న విండోస్ 10కి ముఫ్త్ అప్‌డేట్లు మామూలుగా బంద్ అయ్యాయి. దూల్హా భాయ్ మెషీన్లు రెండూ పాతవి, విండోస్ 11 వాటిని ఖుబూల్ చేయదు. మా పిల్ల ఒక ఆదివారం కూర్చుని, స్కానర్ ఉన్న దానిలో ఉబుంటు వేసింది. ప్రింటర్‌ను ఒప్పించడానికి మగ్రిబ్ దాటింది. రెండో దానిలో ఇన్‌పేజ్ అలాగే ఉంచి, నెట్ కేబుల్ పీకేసింది. ఆధార్‌లు, ఖులా కాగితాలు ఇప్పుడు మొదటి దానిలోనే స్కాన్ అవుతాయి. రాత్రి షట్టర్ దించే ముందు దూల్హా భాయ్ ఆ రోజువి తుడిచేస్తాడు, మరిచిపోతే కూతురు ఫోన్ చేసి అడుగుతుంది.

రుఖాల మెషీన్‌లో మాత్రం ఇంకా ఆ క్రాక్ విండోసే. దాన్నీ తీసేసి లైసెన్స్‌ది కొనమన్నాను. "షవ్వాల్ షాదీల పైసలు రానీ మియా" అన్నాడు.