తల్లిని నిందించే ముందు

బిడ్డ ఏదైనా లోపంతో పుడితే మన ఇళ్ళలో మొదటి ప్రశ్న తల్లికే ఎదురవుతుంది. ఏమి తిన్నది, ఎక్కడికి వెళ్ళింది, ఎవరి నజర్ తగిలింది అని అడుగుతారు. మా మనుమరాలు రెండు కంటిపాపల్లోనూ తెల్లని పొరతో, తక్కువ బరువుతో పుట్టినప్పుడు మా కోడలు ఈ మాటలన్నీ విన్నది. అఖీఖాకు వచ్చిన బంధువులలో ఒకరు, గ్రహణం నాడు బయటికి వెళ్ళావా అని కూడా అడిగారు.

అప్పుడు మేము ఒక సంగతి గుర్తు చేశాము. దైవప్రవక్త (స) పసికుమారుడు ఇబ్రాహీం మరణించిన రోజున సూర్యగ్రహణం పట్టింది. ఆ మరణం వల్లనే గ్రహణం పట్టిందని ప్రజలు అనుకోగా, ప్రవక్త (స) స్వయంగా ఆ భావనను తోసిపుచ్చారు. అటువంటి బోధ మనకు ఉండగా, ఒక బాలింతరాలిపై గ్రహణం పేరిట నింద మోపడం తగునా?

అసలు కారణం వైద్యురాలు అడిగిన ప్రశ్నతో బయటపడింది. గర్భం తొలి నెలల్లో జ్వరం, ఒంటిమీద దద్దుర్లు వచ్చాయా అని ఆమె అడిగారు. రెండో నెలలో వచ్చి మూడు రోజుల్లో తగ్గిపోయాయని కోడలు చెప్పింది. అది రుబెల్లా అని బిడ్డ రక్తపరీక్షలో తేలింది.

రుబెల్లా పిల్లలకు, పెద్దలకు తేలికపాటి జబ్బు. దగ్గు, తుమ్ముల ద్వారా వ్యాపిస్తుంది. కానీ గర్భిణికి సోకితే ఆ వైరస్ మావిని దాటి శిశువును చేరుతుంది. కన్ను, చెవి, గుండె రూపుదిద్దుకునే తొలి 12 వారాలే అత్యంత ప్రమాదకరమైన కాలం. వైరస్ కణాల విభజనను మందగింపజేస్తుంది. అందువల్ల బిడ్డ చిన్నగా పుడుతుంది, ఎదుగుదల వెనుకబడుతుంది. శుక్లం, చెవుడు, గుండె లోపం కలగవచ్చు. వినికిడి లోపం కొందరిలో ఆలస్యంగా బయటపడుతుంది.

ఈ సంబంధాన్ని 1941లో ఆస్ట్రేలియాలోని సిడ్నీకి చెందిన నేత్రవైద్యుడు నార్మన్ గ్రెగ్ లోకానికి తెలిపారు. శుక్లాలతో పుట్టిన 78 మంది శిశువుల వివరాలు పరిశీలించగా, వారిలో అత్యధికుల తల్లులకు గర్భం తొలిదశలో రుబెల్లా సోకినట్లు తేలింది. ఆయన తల్లులను నిందించలేదు, వారు చెప్పినది శ్రద్ధగా విన్నారు. 1964-65లో అమెరికాలో ఈ జబ్బు ప్రబలినప్పుడు సుమారు 20,000 మంది శిశువులు దాని ప్రభావంతో పుట్టారు. 1969లో అక్కడ టీకా వాడుకలోకి వచ్చింది.

మన రెండు తెలుగు రాష్ట్రాలలో 2017 ఆగస్టులో 9 నెలల నుంచి 15 ఏళ్ళలోపు పిల్లలకు తట్టు, రుబెల్లా టీకా వేశారు. ఈ టీకా వేయించుకుంటే సంతానం కలగదని అప్పట్లో దేశంలో పలుచోట్ల పుకార్లు వ్యాపించాయి. నిజానికి అది కాపాడేది పుట్టబోయే సంతానాన్నే. ఇప్పుడు పసిపిల్లలకు 9 నెలలు నిండాక ఒకసారి, 16-24 నెలల మధ్య మరోసారి ప్రభుత్వమే ఉచితంగా వేస్తున్నది. అయితే 2017 నాటికే 15 ఏళ్ళు దాటిన మా కోడలి వంటి అమ్మాయిలకు ఆ అవకాశం అందలేదు. అటువంటివారు వివాహానికి ముందే వైద్యులను సంప్రదించాలి. గర్భవతులకు ఈ టీకా వేయకూడదు. వేయించుకున్నాక కనీసం ఒక నెల గర్భం రాకుండా చూసుకోవాలి.

అల్‌హమ్దులిల్లాహ్, మా మనుమరాలికి రెండో నెలలోనే కంటి శస్త్రచికిత్స జరిగింది. ఆలస్యమైతే మెదడు చూపును నేర్చుకోలేదని వైద్యులు హెచ్చరించారు. నడక ఆలస్యమైంది. వినికిడి యంత్రం పెట్టిన తరువాత మాటలు ఒక్కొక్కటిగా వస్తున్నాయి. ఇటువంటి లోపాలను తొలిదశలోనే గుర్తించడానికి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి నడుస్తున్నది. అంగన్‌వాడీలో, ప్రభుత్వాసుపత్రిలో అడిగితే దారి చూపుతారు.

ఇటీవల మా చిన్న కుమార్తెకు సంబంధం కుదిరింది. బట్టలు, నగల మాట ఎత్తకముందే మా కోడలు ఆమెను వెంటబెట్టుకుని వెళ్ళి టీకా వేయించింది. మన ఇళ్ళలో ప్రతి నిఖాహ్ సన్నాహాలలోనూ ఈ పని చేరాలని మా కోరిక.