కార్తీకమాసపు ఓపీ

కార్తీకం వచ్చిన వారంలోపే మా ఓపీలో నల్లబట్టలు కనిపిస్తాయి. మాది కృష్ణా డెల్టాలో ఒక చిన్న పట్టణం. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ళు, ఎర్రబట్టల్లో భవానీలు, సోమవారం ఉపవాసంతో కళ్ళు తిరిగి పడిపోయిన ముత్తయిదువలు, నాగులచవితికి తెల్లవారుజామున పుట్టలో పాలు పోసొచ్చి దగ్గుతో కూర్చున్న పెద్దవాళ్ళు, అందరూ ఒకే వరసలో ఉంటారు.

దేవుణ్ణి నమ్మేవాడు సైన్సును నమ్మగలడా అని టీవీల్లో గంటలకొద్దీ వాదించుకోవడం చూస్తుంటాను. నా దగ్గరికి ఆ ప్రశ్న అలా రాదు. "సార్, చెప్పులేసుకుంటే దీక్ష పోతుందా?" అని వస్తుంది. "షుగరు మాత్ర పొద్దున్నే వేసుకోమన్నారు, భిక్ష ఒంటిగంటకు కదండీ, మరెట్లా?" అని వస్తుంది.

నేను దేవుణ్ణి నమ్ముతాను. దీపం పెట్టకుండా ఇంట్లోంచి బయల్దేరను. రిపోర్టు చూడకుండా మందు మార్చను. ఈ రెండు అలవాట్లూ నాలో ఏనాడూ తగాదా పడలేదు. మరి కొందరు రోగుల విషయంలో మాత్రం నమ్మకమే ప్రాణాల మీదికి ఎందుకొస్తుంది? చాలాకాలంగా దీని గురించే ఆలోచిస్తున్నాను. కిందివన్నీ నేను చూసిన కేసులే. మనుషులను గుర్తుపట్టకుండా వివరాలు కొద్దిగా మార్చాను.

ఆయనకు కిరాణా కొట్టు. వయసు యాభై దాటింది, చాలా ఏళ్ళుగా షుగరు. ఏటా మాల వేస్తాడు. దీక్ష సగంలో ఉండగా చలిజ్వరమని వచ్చాడు.

"కాళ్ళు చూపించండి స్వామీ" అన్నాను.

"కాళ్ళకేం లేదు స్వామీ. ఒళ్ళే కాలిపోతోంది."

కుడిపాదం కింద, చిటికెనవేలి మొదట్లో చర్మం కాయకాసి ఉంది. ఆ కాయ మధ్యలో ఆవగింజంత నల్లటి చుక్క. వేలితో నొక్కితే చీము చిమ్మింది. కాయను చెక్కి ఫోర్సెప్స్‌తో లాగితే తుమ్మముల్లు విరిగిన కొస ఒకటి బయటికొచ్చింది. అది ఎప్పుడు గుచ్చుకుందో ఆయనకు తెలియదు. నేను లాగుతున్నంతసేపూ ఆయన నా మొహంలోకి చూస్తూ కొట్టు సంగతులు చెబుతూనే ఉన్నాడు. నాకు భయం వేసింది అక్కడే. మామూలు మనిషైతే బల్ల మీద నుంచి ఎగిరి లేవాలి.

షుగరు ఏళ్ళతరబడి అదుపు తప్పితే ముందు దెబ్బతినేది పొడవైన నరాలు. అందుకే పాదాలు మొదట మొద్దుబారతాయి. దీన్ని కనిపెట్టడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. పది గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగు ఒకటి ఉంటుంది. రోగిని కళ్ళు మూసుకోమని, బొటనవేలి కింద, పాదం ముందుభాగాన ఆ పోగు ఆనించి, తగిలినప్పుడల్లా చెప్పమంటాం. నేను పరీక్ష ముగించి పోగు డబ్బాలో పెట్టేశాక ఆయన కళ్ళు మూసుకునే "ఇంకా మొదలుపెట్టలేదా స్వామీ?" అని అడిగాడు.

కాలు దక్కింది, వేలు దక్కలేదు. గాయం మానాక చెప్పుల ప్రస్తావన తెచ్చాను. ససేమిరా అన్నాడు. చెప్పులు తొడిగితే వ్రతభంగమన్నాడు. ఇంట్లోవాళ్ళు ఎంత చెప్పినా వినలేదు. చివరికి ఆయనకు మాల వేసిన గురుస్వామికే ఫోన్ చేశాను. ఆ పెద్దాయన ఆ సాయంత్రమే స్వయంగా ఆసుపత్రికి వచ్చాడు. కోసిన చోటు చూపించాను. ఆయన్నీ కళ్ళు మూసుకోమని, ఆయన పాదానికీ పోగు ఆనించాను. తగిలిన ప్రతిసారీ టక్కున చెప్పాడు. తర్వాత అదే పోగు రోగి పాదానికి ఆనించాను. రోగి నోట మాట లేదు. పెద్దాయన కాసేపు మౌనంగా కూర్చుని ఒకటే అడిగాడు: "మీరిచ్చే చెప్పుల్లో తోలు ఉంటుందా?"

ఉండదు. వాటిని ఎంసీఆర్ చెప్పులంటారు. మెత్తటి రబ్బరు అడుగు, పైన అంటించే పట్టీలు. స్పర్శ పోయిన కుష్ఠు రోగుల పాదాలు కాపాడటానికి వాడుతూ వచ్చినవి, షుగరు పాదాలకూ అవే. అది విని ఆయన "అయితే వేసుకోనివ్వండి. ఇరుముడితో కొండెక్కాల్సింది ఈ కాళ్ళే కదా" అన్నాడు. తర్వాతి ఏడు నుంచి ఈ రోగి మాల వేసుకోబోయే ముందు వచ్చి పాదాలు చూపించుకుంటున్నాడు.

ఆ సాయంత్రం జరిగింది నాకు చాలా విలువైన విషయం. ముల్లు గుచ్చుకుంటే ఈ పాదానికి తెలుస్తుందా అన్నది నేను తేల్చాల్సింది. చెప్పులు విడవడంలో ఉన్న వినయం చెప్పులతో కూడా నిలుస్తుందా అన్నది ఆయన తేల్చాల్సింది. నా ప్రశ్నకు శబరిమలలో జవాబు లేదు. ఆయన ప్రశ్నకు నా పుస్తకాల్లో జవాబు లేదు. ఎవరి జవాబు వాళ్ళం చెప్పాం, రోగి నడిచాడు.

రెండో మనిషి లారీ డ్రైవరు. రోజుకు రెండు క్వార్టర్లు పడందే చేతులు నిలవవు. మానమని నేను ఎన్నిసార్లు చెప్పినా తల ఊపి వెళ్ళేవాడు. ఆ ఏడు భార్య ఏడ్చి మాల వేయించింది. మాల పడ్డ మూడోరోజు రాత్రి ఎత్తుకొచ్చారు. ఒళ్ళంతా చెమట, వణుకు, గోడమీద చీమలు పాకుతున్నాయని చేత్తో దులుపుతున్నాడు. దారిలో ఒకసారి ఫిట్స్ వచ్చిందట. వెంట వచ్చిన స్వాముల్లో కొందరు అపచారం జరిగిందన్నారు, ఒకరు స్వామి పూనాడన్నారు. ఏళ్ళతరబడి రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానితే మెదడు అదుపు తప్పి ఇలా అవుతుంది. చూడకుండా వదిలేస్తే ప్రాణం పోతుంది. థయామిన్ ఇంజెక్షన్లు, లోరాజిపామ్, సెలైను, నాలుగు రోజుల కాపలా. మాల మెడలోనే ఉంది, నేను తియ్యనివ్వలేదు.

మందుతో వణుకు తగ్గించగలిగానే గానీ, తాగకుండా ఉండాలన్న పట్టుదల అతనికి నేను ఇవ్వలేకపోయాను. అది ఆ మాలతోనే వచ్చింది. తెల్లవారకముందే లేవడం, చన్నీళ్ళ స్నానం, సాయంత్రం భజన, భార్య కూడా "స్వామీ" అని పిలవడం, ఇవన్నీ కలిసి ఆ నలభై ఒక్క రోజులు అతన్ని వేరే మనిషిగా బతకనిచ్చాయి. మాల తీసిన రోజే మళ్ళీ మద్యం షాపు ముందు నిలబడేవాళ్ళను చాలామందిని చూశాను. ఇతను నిలబడలేదు. నెలనెలా నా దగ్గరికి వస్తాడు, శనివారం భజనకు వెళ్తాడు. ఈ రెండింటిలో ఏది ఎక్కువ పనిచేస్తోందో నేను విడదీసి చెప్పలేను, చెప్పాల్సిన అవసరమూ నాకు కనబడదు.

ఇక్కడివరకూ నమ్మకం నాకు సాయం చేసిన కథలు. పాముకాటు దగ్గరికి వస్తే కథ మారిపోతుంది.

మా డెల్టాలోని దివిసీమ మనిషికి పామంటే మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి. అదే మనిషి వరిచేలో పామును తొక్కి చనిపోతాడు కూడా. దేశంలో 2000 నుంచి 2019 వరకు సుమారు 12 లక్షల మంది పాముకాటుతో చనిపోయి ఉంటారని అంచనా. ఎక్కువ మరణాలు జరిగే రాష్ట్రాల్లో మనవీ ఉన్నాయి.

కోతల రోజుల్లో ఒక కౌలురైతును మధ్యాహ్నం తెచ్చారు. పొద్దున్నే కాటు. మంత్రం వేసే ఆయన దగ్గర కూర్చోబెట్టి, వేపమండలతో దిగదుడిచి, కట్టు కట్టి, చిగుళ్ళ నుంచి రక్తం కారడం మొదలయ్యాక బండెక్కించారు. పొడిగా ఉన్న గాజు పరీక్షనాళికలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, కదపకుండా ఇరవై నిమిషాలు ఉంచాం. రైతు అన్న పక్కనే నిలబడి ఉన్నాడు. ఇరవై నిమిషాలయ్యాక నాళికను అతని ముందే వంచాను. గడ్డకట్టాల్సిన రక్తం నీళ్ళలా జారింది. "మంత్రం వేశాక విషం దిగిపోయిందన్నాడండీ" అంటూ అతను గోడకు జారగిలబడ్డాడు. అది రక్తపింజరి కాటు. పది వయల్స్ విరుగుడు మందు మొదటి విడతగా ఎక్కించాం. మనిషి బతికాడు, కానీ కిడ్నీలు దెబ్బతిని కొన్ని వారాలు డయాలసిస్ మీద ఉన్నాడు. రెండు గంటలు ముందు వచ్చి ఉంటే ఆ డయాలసిస్ తప్పేదని నా గట్టి నమ్మకం.

మంత్రం వేసే ఆయన మోసగాడని నేను అనను. ఆయన చేతుల్లో చాలామంది నిజంగానే బతికారు. మనుషులను కరిచే పాముల్లో చాలావరకు విషం లేనివే. జెర్రిపోతు కరిచినా, నీరుకట్టె కరిచినా మంత్రం వేసినా వెయ్యకపోయినా మనిషి బతుకుతాడు. విషప్పాము కూడా ఒక్కోసారి విషం దించకుండా వదిలేస్తుంది. బతికినవాళ్ళను లెక్కపెట్టుకుంటే మంత్రం గొప్పగానే కనిపిస్తుంది. మంత్రం వెయ్యకపోయినా బతికేవాళ్ళెంతమంది అని అడగడం సైన్సు నేర్పిన పద్ధతి. విశాఖపట్నంలో ఉండి పాములను సేకరించిన డాక్టర్ పాట్రిక్ రస్సెల్ రెండు శతాబ్దాల కిందటే కోళ్ళనూ కుక్కలనూ పాములతో కరిపించి, ఏది విషప్పామో, ఏ విరుగుడు పనిచేస్తుందో చూశాడు. 1796లో అచ్చయిన ఆయన పుస్తకంలో రక్తపింజరికి మనవాళ్ళ పేరే ఉంది, కాటుకరేకుల పొడ అని.

ఆ మంత్రం వేసే ఆయన్ని కలవడానికి ఒక ఆదివారం వాళ్ళ ఊరు వెళ్ళాను. మంత్రం మానమని అడగలేదు. ఆసుపత్రికి వచ్చే దారిలో, ఆటోలో కూర్చుని వెయ్యమని అడిగాను. కాస్త ఆలోచించి ఒప్పుకున్నాడు. ఇప్పుడు ఆ చుట్టుపక్కల నుంచి పాముకాటు కేసులు త్వరగా వస్తున్నాయి, ఒక్కోసారి ఆయనే వెంటబెట్టుకు వస్తాడు.

అన్ని కథలూ ఇలా ముగియవు. టైప్ 1 షుగరుతో పదేళ్ళ వయసు నుంచి ఇన్సులిన్ మీదున్న ఒక అమ్మాయి నాకు తెలుసు. ఆమెకు నయమైపోయింది, సూది ఆపేయండి అని దేవుడి పేరున ఒకరు చెప్పారు. ఏ మతం వాళ్ళన్నది ఇక్కడ అనవసరం, అలా చెప్పేవాళ్ళు అన్నిచోట్లా ఉన్నారు. ఆపిన నాలుగోరోజు రాత్రి తెచ్చారు. ఎగశ్వాస, నోట్లోంచి మగ్గిన పండు వాసన. తెల్లవారేలోపు చనిపోయింది. 1922 జనవరిలో టొరంటోలో మొదటిసారి ఒక కుర్రాడికి ఇన్సులిన్ ఇచ్చేనాటికి ఆ జబ్బున్న పిల్లలందరి గతీ అదే. ఆ తర్వాత ఆ చావు చావాల్సిన అవసరం ఏ బిడ్డకూ లేదు. ఆమె తండ్రి దేవుణ్ణి నమ్మినందుకు బిడ్డను పోగొట్టుకోలేదు. ఒంటి గురించి దేవుడి పేరున ఒక మనిషి చెప్పిన మాటను పరీక్షించకుండా నమ్మినందుకు పోగొట్టుకున్నాడు. నేను ఇన్నేళ్ళుగా చెబుతూ వస్తున్న తేడా ఇదొక్కటే. సాక్షాత్తూ పీఠాధిపతి చెప్పినా, ఒంటి గురించి చెబితే ఆ మాట పరీక్షనాళిక ముందు నిలబడాలి.

ప్రార్థననే మందులా కొలిచిన వాళ్ళూ ఉన్నారు. అమెరికాలో గుండెకు బైపాస్ చేయించుకున్న సుమారు 1,800 మందితో చేసిన అధ్యయనం 2006లో వెలువడింది. ముక్కూమొహం తెలియనివాళ్ళు రోగుల కోసం ప్రార్థించారు. ఆపరేషన్ తర్వాత వచ్చే ఇబ్బందులు ప్రార్థన వల్ల తగ్గలేదు. తమ కోసం ప్రార్థిస్తున్నారని కచ్చితంగా తెలిసినవాళ్ళలో కాస్త ఎక్కువే కనిపించాయి. ఆ ఫలితాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. అది చదివాక నా పూజ ఆగలేదు, ఎందుకంటే నేను ఏ రోగి క్రియాటినిన్ తగ్గించడానికీ దీపం పెట్టడం లేదు. ఐసీయూ బయట రాత్రంతా కూర్చున్న తల్లికి చేతిలో జపమాల ఉంటే ఆమె నిలబడగలుగుతుంది. అంతవరకే నేను అడుగుతాను.

నమ్మకం వల్ల డాక్టరు మెరుగవుతాడని కూడా నేను అనుకోను. మా మత్తు డాక్టరు దేవుణ్ణి నమ్మడు. అర్ధరాత్రి ఎమర్జెన్సీకి ఆయనకంటే ముందు వచ్చేవాళ్ళు మా ఊళ్ళో లేరు. మరోవైపు, 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు కుర్రతనంలో రామకృష్ణ మఠంలో చేరి సన్యసించాలనుకున్నారు. సొంత అన్నదమ్ములు స్ప్రూ జబ్బుతో పోవడం చూసిన మనిషి. చివరికి అమెరికా వెళ్ళి ప్రయోగశాలలో కూర్చున్నారు. ఫోలిక్ యాసిడ్ తయారీ, మెథోట్రెక్సేట్, బోదకాలుకు హెట్రజాన్, అన్నీ ఆయన బృందం పనే. మా డెల్టాలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి మింగించిన బోదకాలు మాత్ర అదే. సన్యాసం కోరుకున్న మనసు ఆయనకు పనిచేసే పట్టుదలనిచ్చి ఉండవచ్చు. మాత్ర పనిచేస్తుందని తేల్చింది మాత్రం ప్రయోగమే.

ఈ ఏడు మాలలు వేయబోయే గురుస్వాములకు ఒక మనవి. మెడలో మాల వేసే ముందు ప్రతి స్వామినీ రెండు ప్రశ్నలు అడగండి. షుగరు ఉందా? రోజూ తాగే అలవాటుందా? ఏ ఒక్కదానికి అవునన్నా, మాలకు వారం ముందే దగ్గరున్న డాక్టరు దగ్గరికి పంపండి. షుగరు మాత్రలను భిక్ష వేళకు తగ్గట్టు మార్చుకోవచ్చు, పాదాలకు తోలులేని చెప్పులు దొరుకుతాయి, తాగుడు ప్రాణాపాయం లేకుండా మాన్పించవచ్చు. నేలమీద పడుకునే స్వాములకు చాప కిందికి అంచులు దోపి దోమతెర కట్టించండి, రాత్రిపూట ఇళ్ళలోకి వచ్చే కట్లపాము కాటు చాలావరకు తప్పుతుంది. పాము కరిస్తే 108కి ఫోన్ చేయండి. శరణుఘోష అంబులెన్సులో కూడా చెప్పుకోవచ్చు.