గాలికి ఎదురుగా సరుకుల సంచీ

అనంతపురంలో సరుకులకు సైకిలుమీద బయలుదేరేవాడు ముందుగా గాలి ఎటునుంచి వీస్తున్నదో చూసుకోవాలి. ఆషాఢం వచ్చిందంటే ఈ మెట్టసీమమీద పడమటి గాలి పగలూ రాత్రీ హోరెత్తుతూనే ఉంటుంది. తెచ్చిన వానంతా పడమటి కనుమల అవతలే కుమ్మరించి, ఒట్టి చేతులతో మన దగ్గరికి వచ్చే గాలి అది. ఏడాది మొత్తంమీద ఇక్కడ పడే వాన సగటున 55 సెంటీమీటర్లు. ఆ కాస్తా వేళకు పడుతుందన్న భరోసా లేదు. వాన తేని గాలిని రైతు తిట్టుకుంటాడు. నిండు సంచులతో ఎదురుగాలికి తొక్కుకుంటూ వచ్చే నేనూ తిట్టుకుంటాను.

అయినా బజారు పనికి సైకిలును మించిన వాహనం లేదని నా అభిప్రాయం. పాతూరు గాంధీబజారు సందుల్లో కారు దూరదు, స్కూటరు నిలవదు. సైకిలు మాత్రం బస్తాకూ గోడకూ మధ్య ఒదిగి నిలబడుతుంది. అంగడి ముందు ఒక కాలు నేలకు మోపి, సీటు దిగకుండానే నాలుగు బుడ్డలు నోట్లో వేసుకొని ధర అడగవచ్చు. బుడ్డలంటే వేరుశనగలు లెండి. నేల ఎంత ఎండినా వాటి రుచి మాత్రం తగ్గదు.

సరుకు సర్దడం ఒక విద్య. బియ్యం మూటను కారియరుమీద పెట్టి పాత ట్యూబుముక్కతో బిగించాలి. ఆ ట్యూబుముక్కకు సాటివచ్చే తాడు ఇంతవరకు పుట్టలేదు. హాండిలుకు అటొక సంచీ, ఇటొక సంచీ. ఒకదాంట్లో బెల్లం, చింతపండు. రెండోదాంట్లో కందిపప్పు, ఉప్పు. తూకం తప్పిందా, సైకిలు తనంతట తానే ఎదురింటివారి గేటువైపు తిరుగుతుంది. ఇక బొరుగుల సంచీ ఉంది చూశారూ, దిండంత ఉంటుంది, బరువు మాత్రం ఉండదు. ఆషాఢ గాలిలో అది తెరచాప అయి కూర్చుంటుంది. కానీ బొరుగులు తేకపోతే మర్నాడు ఉగ్గాని లేదు. ఉగ్గాని లేని ఆదివారాన్ని మా ఇంట్లో ఎవరూ ఆదివారంగా లెక్కపెట్టరు.

కొర్రలు కొంటూంటే ఒకసారి పక్కన నిలబడిన ముసలావిడ నన్ను ఎగాదిగా చూసి, “ఏం కాలమొచ్చె సామీ! మేము తినలేక వదిలిపెడితిమి, మీరు దుడ్డిచ్చి కొనుక్కుంటాండారు” అంది. నిజమే మరి. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరమన్నది. మా అంగట్లో కొర్రల ధర ఇప్పుడు బియ్యం ధరను మించి ఉంది.

కూరగాయలకు బుక్కరాయసముద్రం దారి పట్టడం నాకిష్టం. నాలుగైదు కిలోమీటర్లు తూర్పుగా. పోయేటప్పుడు గాలి వీపున చెయ్యి వేసి నెడుతుంది. బుక్కరాయల మంత్రి చిక్కవొడయరు 14వ శతాబ్దిలో కట్టించిన చెరువది. ఆ కట్టను కాపాడటానికి ప్రాణమిచ్చిన ముసలమ్మ కథనే కట్టమంచి రామలింగారెడ్డిగారు ‘ముసలమ్మ మరణము’గా రాశారు. చెరువులో నీళ్లున్న ఏడు దారిపక్కన ఆకుకూరల బుట్టలు దొరుకుతాయి. లేని ఏడు కంపముళ్లు దొరుకుతాయి, అవీ టైరులో. పంక్చరు వేసే అతని తొట్టెలో నీళ్లు బురదగా ఉన్నాయేమిటయ్యా అంటే, “బుడగ కనపడితే సాలు గదా సార్. తాగేకా ఇవి?” అన్నాడు.

టమాటాల సంగతి వేరు. ఊరి శివారున కక్కలపల్లి మండీలో అవి 15 కిలోల పెట్టెల లెక్కన వేలం పోతాయి. 2023 జూలైలో కిలో నూరు దాటినప్పుడు నేను నాలుగు కాయలు లెక్కపెట్టి కొన్నాను. మరొక ఏడు ధర పూర్తిగా పడిపోయింది. మండీ బయట ఒక రైతు అమ్ముడుపోని పెట్టెల పక్కన కూర్చుని ఉన్నాడు. ఎంతని అడిగాను.

“నీకు తోచినంత ఇయ్యి సామీ. తిరిగి ఊరికి తీసకపోతే బాడుగ దండగ.”

నేను సైకిలువంక చూశాను. టమాటామీద బరువు మోపితే రసమే మిగులుతుంది. రెండు సంచుల్లో పట్టేది పన్నెండు కిలోలు. అతనే గట్టికాయలు అడుగున, పండినవి పైన సర్దిపెట్టాడు. కిలోకు ఇరవై లెక్కన ఇస్తే సగం వెనక్కి ఇవ్వబోయాడు, నేను పుచ్చుకోలేదు. “ఇంగొకసారి వస్తావా?” అన్నాడు.

వెళ్లాను. ఆ పూట మూడుసార్లు తొక్కాను. మూడోసారి సంచులు నింపుకొని వచ్చేటప్పటికి కూడా అతని వెనుక పెట్టెలు దొంతరగా అలాగే ఉన్నాయి.

మా ఆవిడ వీధంతా పంచింది. నాలుగు రోజులపాటు ఏడిళ్ల మిద్దెలమీద, ఉప్పు చల్లిన టమాటాముక్కలు ఆ పొడి గాలికి ఎండుతూ ఉన్నాయి.